పాస్‌పోర్టు ఉన్న పరదేశి, లేని పరదేశి

మన సంఘాల్లో ఆదివారం ఆరాధన చివర ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి. ఒక తల్లి కొడుక్కి కువైట్ వీసా రావాలి. ఒక సహోదరి భర్తకు సౌదీలో అకామా రెన్యువల్ కావాలి. మరొకరి అల్లుడికి అమెరికాలో హెచ్-1బీ రావాలి. కంపెనీ మూడు నెలలుగా జీతం ఇవ్వడం లేదు, ప్రార్థించండి అని ఇంకొక చీటీ. కోనసీమలోనూ, రాజంపేట, రాయచోటి వైపూ, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లోనూ పరదేశంలో ఉన్న బిడ్డల కోసం కన్నీటితో ప్రార్థించని సంఘం దాదాపు ఉండదు. హైదరాబాద్ సంఘాలూ అంతే. ఆ చీటీలను మేము తక్కువ చేయడం లేదు. అలాంటివి మా ఇళ్లలోనూ రాశారు.

అయితే ఇదే నగరంలో పరదేశులుగా బతుకుతున్న కొన్ని వేలమంది గురించి ఒక్క చీటీ కూడా మా చెవిన పడలేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయుల విషయంలో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన ఒక ఉత్తర్వులో క్రైస్తవుల పేరు ప్రత్యేకంగా ఉంది. అందుకే ఈ సంగతి ఇక వాయిదా వేయకుండా రాస్తున్నాము.

పాత బస్తీ అంటే చాలామందికి చార్మినార్, లాడ్ బజార్, రంజాన్ నెలలో హలీమ్. చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ మీదుగా షాహీన్‌నగర్, బాలాపూర్ వైపు వెళితే కనిపించేది వేరే ఊరు. ఆ దక్షిణపు అంచున ఒకపక్క కాటేదాన్ పారిశ్రామికవాడ ఉంది. ప్లాస్టిక్, ఇనుము, తినుబండారాలు, పాత సామాను కరిగించి కొత్తది చేసే చిన్న యూనిట్లు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. వాటి మురుగుతో పాడైపోయిన నూర్ మహమ్మద్ కుంట గురించి పర్యావరణం కోసం పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. చుట్టూ రేకుల ఇళ్లు, ఇరుకు గదులు. అద్దె మాత్రం నగరంలో మిగతా చోట్ల కంటే తక్కువ. పొద్దున్నే ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ రైలెక్కి సికింద్రాబాద్, లింగంపల్లి వైపు పనికి పోయేవాళ్లు, షేర్ ఆటోల్లో కాటేదాన్‌కూ ఆరాంఘర్‌కూ పోయేవాళ్లు ఇక్కడ ఉంటారు. పాలమూరు కూలీలు, బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు, తరతరాలుగా పాత బస్తీలోనే పుట్టి పెరిగిన పేదలు అందరూ కలిసే ఉంటారు.

బాలాపూర్ పేరు తెలుగువాళ్లకు వినాయకుడి లడ్డూ వేలంతో పరిచయం. 1994లో 450 రూపాయలకు పోయిన ఆ లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. అదే బాలాపూర్ చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో టార్పాలిన్లు, వెదురు బొంగులు, ఎన్నికల ఫ్లెక్సీలతో కట్టుకున్న గుడిసెల వరసలు ఉన్నాయి. స్థలం యజమానికి నెల నెలా అద్దె కట్టి అందులో ఉంటున్నవారు రోహింగ్యాలు. పాత బస్తీ జనం వాళ్లను 'బర్మావాలే' అంటారు.

మయన్మార్ పడమటి తీరంలోని రఖైన్ రాష్ట్రం వీరి సొంత గడ్డ. పాత పేరు అరకాన్. 1982లో ఆ దేశం చేసిన పౌరసత్వ చట్టం 1823కి ముందు నుంచి అక్కడ ఉన్న జాతులుగా ప్రభుత్వం గుర్తించిన వారికే పూర్తి పౌరసత్వం అన్నది. ఆ జాబితాలో రోహింగ్యాలు లేరు. 2012 అల్లర్ల తర్వాత చాలామంది బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చారు. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం జరిపిన దాడులతో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు పారిపోయారు. హైదరాబాద్‌లో వీరు ఆరేడు వేలమంది ఉంటారని పత్రికలు రాస్తుంటాయి. చౌక అద్దె, పదో తరగతి సర్టిఫికెట్ అడగని పని, దగ్గరలో మసీదు, రంజాన్‌లో జకాత్ ఇచ్చే చేతులు వీరిని ఇక్కడికి రప్పించాయి. చెత్త ఏరడం, తుక్కు వేరుచేయడం, కట్టడాల దగ్గర మట్టి మోయడం వీరి పనులు.

మన బిడ్డలు గల్ఫ్‌లో ఎక్కడ ఉంటారో గుర్తు చేసుకుంటే ఈ చిత్రం కొత్తదేమీ కాదని తెలుస్తుంది. దుబాయ్ అంటే ఆకాశాన్ని తాకే భవనాలు ఫొటోల్లో కనిపిస్తాయి గాని, మనవాళ్లు పడుకునేది సోనాపూర్ లేబర్ క్యాంపుల్లో. అబుదాబిలో ఐతే ముసఫా పారిశ్రామికవాడలో. కువైట్‌లో ఐతే విమానాశ్రయం పక్కనున్న జలీబ్ అల్ షుయూఖ్‌లో. అక్కడ ఒక గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది. తెల్లవారుజామున కంపెనీ బస్సు, రాత్రికి మళ్లీ అదే బస్సు. చౌకగా ఉంటుంది, పనికి దగ్గర, మన భాష వినిపిస్తుంది, శుక్రవారం ఆరాధనకు కలిసి వెళ్లవచ్చు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కూలీలు ఉండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఆ వారం మన సంఘాల్లో ఎంత దుఃఖం పొంగిందో పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

గల్ఫ్‌లో కాగితాలు పోయినవాణ్ని మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. కఫీల్ దగ్గర నుంచి పారిపోయినవాడు, అకామా గడువు తీరిపోయినవాడు. వాడికి జీతం ఎగ్గొట్టినా అడగలేడు. జ్వరం వస్తే ఆసుపత్రికి పోవడానికి భయం. పోలీసు కనబడితే సందు మారతాడు. మన సంఘ సభ్యుల్లో ఇలా ఏళ్ల తరబడి దాక్కుని బతికి, 2018లోనో 2024లోనో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు. వచ్చిన రోజున సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పారు. దేవుడు నన్ను కాపాడాడు అన్నారు. మనం హల్లెలూయ అన్నాం. వాళ్లు ఆ దేశపు చట్టం ఉల్లంఘించారని ఎవ్వరమూ లెక్క తీయలేదు. తీయాలని కూడా మేము అనడం లేదు. ఆ ఖల్లివల్లికి ఒక్క ఆధారం ఉంది. ఏనాటికైనా మన రాయబార కార్యాలయం తలుపు తడితే, నువ్వు మావాడివే అని ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు. దానితో విమానం ఎక్కుతాడు. బాలాపూర్ గుడిసెలో ఉన్న మనిషికి తట్టడానికి ఆ తలుపు లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఒక్కటే ఉంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు గనుక ఆ కార్డుకు మన చట్టంలో గట్టి విలువ లేదు. 2017 ఆగస్టులో కేంద్ర హోంశాఖ వీరిని గుర్తించి పంపించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను విడుదల చేయడానికి ఒప్పుకోలేదు, నిర్దేశించిన పద్ధతి పాటించకుండా మాత్రం పంపవద్దన్నది. వారు శరణార్థులా, అక్రమంగా వచ్చినవారా అన్నది ముందు తేలాలని 2025 జూలైలో మళ్లీ అన్నది.

గుడిసెల్లో పుట్టిన పిల్లల పరిస్థితి మరీ చిక్కు. 2004 డిసెంబరు తర్వాత మన దేశంలో పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమ వలసదారు ఐతే ఆ బిడ్డ భారత పౌరుడు కాడు. మయన్మార్ తల్లిదండ్రులనే తనవారు కాదన్నది, ఇక బిడ్డను ఎలా ఒప్పుకుంటుంది? హైదరాబాద్‌లో పుట్టి, దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ, చార్మినార్ తప్ప మరో ఊరు చూడని పదేళ్ల పిల్లవాడికి ఏ దేశమూ లేదు.

పౌలు సంగతి మన అందరికీ తెలుసు. యెరూషలేము కోటలో ఆయనను కొరడాలతో కొట్టడానికి వారులతో కట్టినప్పుడు, తాను రోమా పౌరుణ్ని అని ఒక్క మాట చెప్పాడు. శతాధిపతి చెయ్యి ఆగిపోయింది, సహస్రాధిపతి భయపడ్డాడు. చాలా డబ్బు పోసి తాను కొనుక్కున్న పౌరత్వం పౌలుకు పుట్టుకతోనే ఉందని ఆయనకు తెలిసింది. అపొస్తలుల కార్యముల 22వ అధ్యాయం చదివినప్పుడల్లా మనం పౌలు తెలివిని మెచ్చుకుంటాం. అంతకు కొన్నేళ్ల ముందు అదే పట్టణంలో అదే రోమా అధికారం మన ప్రభువును కొరడాలతో కొట్టించింది. ఆయనకు ఆ పౌరత్వం లేదు. ఆ రెండు సంఘటనల మధ్య తేడా ఒక కాగితమే అని మేము అనడం లేదు, రక్షణ ప్రణాళికను అంత చిన్నది చేయకూడదు. కాని కాగితం ఉన్న మనిషి వీపుకీ, లేని మనిషి వీపుకీ రాజ్యం ఎంత తేడా చూపుతుందో లేఖనం దాచలేదు.

బర్మాతో మన తెలుగువాళ్లకు మరో లెక్క ఉంది. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి లక్షలమంది మనవాళ్లు రంగూన్ వెళ్లారు. అందుకే బర్మా జనం తెలుగువాళ్లను 'కోరంగీలు' అని పిలిచారు. ఆ పిలుపులో గౌరవం లేదు. రంగూన్ రేవులో మూటలు మోసిందీ, రైస్ మిల్లుల్లో పనిచేసిందీ వాళ్లే. 1930 మే నెలలో జీతాల కోసం రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిసి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే గొడవ మొదలై రంగూన్ వీధుల్లో తెలుగు కూలీలను వెంటాడి చంపారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కాలినడకన అడవులు దాటి వచ్చారు. దారిలో రాలిపోయినవారు వేలల్లో. 1962లో నె విన్ అధికారం పట్టాక దుకాణాలు, ఆస్తులు జాతీయం చేసి మిగిలినవారిలో ఎక్కువమందిని ఖాళీ చేతులతో పంపించారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేరు అలా నిలిచింది. రోహింగ్యాలను దేశం లేనివారిని చేసిన 1982 చట్టమే అక్కడ మిగిలిపోయిన తెలుగు కుటుంబాలనూ రెండో తరగతి పౌరులను చేసింది. బాలాపూర్ గుడిసెలోని మనిషి మనకు అంత పరాయివాడేమీ కాడు. ఒకే రాజ్యం ఇద్దరినీ తరిమింది. మనకు తిరిగి రావడానికి ఒక ఊరు ఉంది, అతనికి లేదు.

పాత బస్తీకీ ఇలాంటి జ్ఞాపకం ఉంది. బార్కస్ అన్న పేరు బారక్స్ నుంచి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిలు అక్కడ ఉండేవారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత అరబ్బులను, పఠాన్లను పరదేశులని నిర్బంధించి చాలామందిని పంపించేశారు. ఇక్కడే పుట్టి, ఇక్కడివారినే పెళ్లాడినవారిని ఏ దేశస్థులనాలో అప్పుడూ తేల్చడం కష్టమైంది. ఇవాళ బార్కస్ జామకాయలు, అక్కడి అరబ్బు వంటలు హైదరాబాద్‌వే. ఎవరూ వాళ్లను పరాయివాళ్లనరు.

ఇప్పుడు మన పేరు ఉన్న ఉత్తర్వు సంగతి. 2019 పౌరసత్వ సవరణ చట్టం అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు పౌరసత్వ దారి తెరిచింది. 2025 ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం సరైన పత్రాలు లేకుండా దేశంలోకి వచ్చినవారికి ఐదేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ శిక్ష నుంచి, 2024 డిసెంబరు 31 వరకు ఆ మూడు దేశాల నుంచి హింసకు భయపడి వచ్చిన అవే ఆరు మతాలవారికి మినహాయింపు ఇచ్చారు. పాకిస్తాన్‌లో దైవదూషణ కేసులకు భయపడి పారిపోయి వచ్చే క్రైస్తవ కుటుంబానికి ఇది ప్రాణదానమే. అందుకు కృతజ్ఞులమై ఉండాలి. కాని ఆ జాబితాలో మయన్మార్ లేదు. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం పట్టాక చిన్ రాష్ట్రం నుంచి మిజోరంకు పారిపోయి వచ్చిన వేలమంది మన విశ్వాసులే, బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు. వారికీ ఆ ఆరు మతాల జాబితా అక్కరకు రాలేదు. మిజో సంఘాలు తమ హాళ్లు తెరిచి, పిడికెడు బియ్యం పోగుచేసి వారిని ఆదుకున్నాయి.

ఇంకొకటి చెప్పాలి. రోహింగ్యాలంటే అందరూ ముస్లింలని మనం అనుకుంటాం. ఎక్కువమంది అవును. 2025 మే నెలలో ఢిల్లీలో అదుపులోకి తీసుకున్న దాదాపు నలభైమంది రోహింగ్యాలను అండమాన్ దాకా తీసుకువెళ్లి, నౌక నుంచి మయన్మార్ తీరం దగ్గర లైఫ్ జాకెట్లతో సముద్రంలోకి దించారని వారి బంధువులు చెప్పారు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి విచారణ మొదలుపెట్టారు. సుప్రీంకోర్టు ఆ కథనానికి ఆధారాలేవని ప్రశ్నించి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. వారిలో క్రైస్తవులు కూడా ఉన్నారని వార్తా సంస్థలు రాశాయి. ఈ మాట రాసేటప్పుడు మాకే సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఆ వార్తలో మేమూ క్రైస్తవులు అన్న పదం దగ్గరే ఆగాము. అప్పటిదాకా చదువుతున్న వేగం వేరు, ఆ తర్వాత చదివిన తీరు వేరు.

అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని కొట్టిపారేయలేం. దొంగ ఆధార్, ఓటరు కార్డులు సంపాదించిన కేసుల్లో కొందరు రోహింగ్యాలను పోలీసులు అరెస్టు చేశారు. సరిహద్దు దాటి వచ్చేది ఎవరో తెలుసుకునే హక్కు ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. తక్కువ కూలికి పనిచేసేవాడు వస్తే ముందుగా నష్టపోయేది పాలమూరు నుంచి వచ్చిన మన దళిత విశ్వాసి. అతని కోపం అబద్ధం కాదు. అతనికి కూలి తగ్గించింది మాత్రం గుడిసెలోని మనిషి కాదు, నోరెత్తలేనివాణ్ని వెతికి పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు. అనుమానం కూడా ఒకసారి మొదలైతే గుడిసెల దగ్గర ఆగదు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో 127 మందికి ఆధార్ సంస్థ నోటీసులు పంపి పత్రాలు తెచ్చి చూపమన్నది. వారిలో తాను ఇక్కడే పుట్టిన భారతీయుణ్నని చెప్పిన ఆటో డ్రైవరూ ఉన్నాడు. ఆధార్ పౌరసత్వానికి పత్రం కాదని ఆ సంస్థే తర్వాత వివరణ ఇచ్చుకుంది. అదే ఏడాది డిసెంబరులో జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో నాలాలు, రోడ్ల కంటే రోహింగ్యాల గురించే ఎక్కువ మాటలు వినబడ్డాయి. ఓటు లేనివారిని తిట్టడం ఎవరికైనా సులువే. వాట్సాప్‌లో వచ్చిన అలాంటి సందేశాలు మన యువజన గ్రూపుల్లోనూ తిరిగాయి. కొందరు పెద్దలు కూడా ముందుకు పంపారు.

సంఘాలు ఏం చేయగలవు? మొదట ఏం చేయకూడదో చెబుతాము. కరపత్రాలు పట్టుకుని ఆ గుడిసెల్లోకి వెళ్లకండి. ఇంతకాలం వారికి అన్నం పెట్టింది ఎక్కువగా పాత బస్తీ ముస్లిం పేదలు, వారి మసీదులు, కోవా వంటి స్వచ్ఛంద సంస్థలు. బియ్యం సంచి చేతిలో పెట్టి బాప్తిస్మం మాట ఎత్తితే అది ప్రేమ కాదు, బేరం. అలాంటి బేరం చేశామన్న నింద మన మీద ఇప్పటికే ఉంది. కొందరు సహోదరులు ఈ మాటతో ఏకీభవించరని తెలుసు. అయినా మా అభిప్రాయం ఇదే.

మన విశ్వాసుల్లో మేస్త్రీలు ఉన్నారు, కాటేదాన్‌లో సూపర్‌వైజర్లు ఉన్నారు, చిన్న యూనిట్ల యజమానులూ ఉన్నారు. పత్రాలు లేనివారిని పనిలో పెట్టుకోవచ్చా అన్నది న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. ఇప్పటికే చేయించుకున్న పనికి కూలి ఎగ్గొట్టకూడదనడానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. కూలివాని కూలి తెల్లవారేవరకు దగ్గర ఉంచుకోవద్దన్న మోషే ధర్మశాస్త్రం ఆ కూలివాని పాస్‌పోర్టు అడగలేదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం పరదేశినీ పేరు పెట్టి చెప్పింది.

రెండోది పిల్లల సంగతి. జీవించే హక్కునిచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణ పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని చక్మా శరణార్థుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల ప్రతి బిడ్డ అన్నది, ప్రతి పౌరుని బిడ్డ అనలేదు. 2025 ఫిబ్రవరి 28న రోహింగ్యా పిల్లల చదువు కేసులో, ముందు ప్రభుత్వ బడికి వెళ్లి అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అని సుప్రీంకోర్టు సూచించింది. బడికి వెళ్లి అడగడానికి ఆ తల్లికి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు, భయం కూడా. పక్కన నిలబడేవాళ్లు కావాలి. రిటైరైన టీచర్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. కొత్త చట్టం ప్రకారం విదేశీ విద్యార్థుల వివరాలు విద్యాసంస్థలు అధికారులకు ఇవ్వాలి. దాచిపెట్టి చేయమని మేము చెప్పడం లేదు, తెరచాటు లేకుండా చేయమంటున్నాము.

బడిలో మొదట అడిగేది జనన ధ్రువపత్రం. మన దేశంలో జరిగిన ప్రతి జననాన్నీ నమోదు చేయాలి, తల్లిదండ్రులు ఏ దేశంవారైనా సరే. 21 రోజుల్లోగా ఐతే రుసుము ఉండదు, ఆలస్యమైతే అఫిడవిట్లు, తిరుగుళ్లు. గుడిసెలోనే కాన్పు ఐతే ఆ సంగతి చెప్పేవాళ్లే ఉండరు. మన సంఘాల్లో నర్సులు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టనక్కర్లేదు. నెలకు ఒక శనివారం ఇద్దరు నర్సులు, ఫారాలు నింపగల ఒక యువకుడు, ఉర్దూ వచ్చిన ఒక సహోదరి బాలాపూర్ వెళితే ఆ నెలలో పుట్టిన పిల్లల్లో చాలామంది నమోదు గడువులోపు పూర్తవుతుంది.